మూడేళ్ళ వెదురు సూది, ఒక జాతర వారం

"ఏందక్కా, ఎండ తలకెక్కిందా? మే నెలలో మంకీ టోపీనా?" అంది పక్కింటామె, పెరుగు గిన్నె తిరిగివ్వడానికి వచ్చి. మా తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు వేసిన మర్నాడది. జాతరలో రోజుకో వేషం కదా, వీధిలో పిల్లలు బైరాగి వేషాలతో తిరుగుతున్నారు. నేను ఫ్యాను కింద కూర్చుని, ఒళ్ళో ఊలు ఉండ పెట్టుకుని 88 కుట్లు ఎక్కిస్తున్నాను.

తల బాగానే ఉంది. మా ఆడబిడ్డ మనవడికి ధనుర్మాసంలో కొండ మీద పుట్టువెంట్రుకలు తీయిస్తారట. కొత్తగా గుండు చేసిన చంటి తలకు తిరుమలలో డిసెంబరు తెల్లవారుజాము చలి ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. నేనేమో టీచరును. సెలవులు అయిపోయాయంటే సూది పట్టే తీరిక ఉండదు. అందుకే మేలోనే ఊలు.

ఇక సూది సంగతి. రెండు పొట్టి వెదురు పుల్లలు, వాటి మధ్య నైలాన్ తీగ. అల్లేవాళ్ళు సర్క్యులర్ అంటారు. నాది 4 మిల్లీమీటర్లది, మొత్తం పొడవు 80 సెంటీమీటర్లు. 2022లో మూడొందల చిల్లర పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అంతకుముందు మా అమ్మ ఇచ్చిన పొడుగు అల్యూమినియం సూదులే, ఎనిమిదో నంబరువి. ఆ పాత నంబర్లలో ఒక తికమక ఉంది: నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిది అంటే 4 మిల్లీమీటర్లు, పది అంటే 3.25. అమ్మ "పదో నంబరు తెచ్చుకో" అంటే లావుపాటివి కాబోలనుకుని ఒకసారి సంచీ నిండా లావు ఊలు కొన్నాను. అది ఇంకా అటక మీదే ఉంది.

అల్యూమినియం సూదులతో నాకు రెండు తిప్పలు. మన ఎండకు అరచేయి చెమట పడుతుంది, లోహం జారుతుంది. గంట అల్లేసరికి వేళ్ళకు నల్లటి మసి కూడా అంటేది. వెదురు అలా కాదు. కాస్త తడిని అదే పీల్చుకుంటుంది, కుట్టును కొంచెం పట్టి ఉంచుతుంది. మొదటి నెలలో ఆ పట్టే విసుగనిపించింది, ప్రతి కుట్టునూ తోయాల్సి వచ్చేది. వాడగా వాడగా పుల్ల నున్నబడింది. ఇప్పుడు పాత అప్పడాల కర్ర రంగు వచ్చింది. యాక్రిలిక్ ఊలు మాత్రం చెమట చేతికి ఎంతైనా అంటుకుంటుంది. దానికి వెదురైనా ఏం చేస్తుంది, మధ్యమధ్య చేయి కడుక్కోవడమే.

ఈ సూది కొన్నాక నాకు దొరికిన అసలు లాభం చదువు. రెండు సూదులతో అల్లితే ఒక వరస నిట్ (మామూలు కుట్టు), తిరిగి వచ్చేటప్పుడు పర్ల్ (దానికి ఎదురు కుట్టు). వరస వరసకూ పని తిప్పి పట్టుకోవాలి, కళ్ళు చేతుల మీదే ఉండాలి. గుండ్రంగా అల్లితే బయటివైపు ఎప్పుడూ మనకు ఎదురుగానే ఉంటుంది కాబట్టి అంతా నిట్టే. తిప్పడం లేదు, పర్ల్ లేదు. అంచు పట్టీ నాలుగు వేళ్ళు అయ్యాక వేళ్ళు వాటంతట అవే నడుస్తాయి, కళ్ళు ఖాళీ. మా అత్తమ్మ భాగవతం చదువుకునే వ్యాసపీఠం అడిగి తెచ్చుకున్నా. పుస్తకం దాని మీద, పేజీలు ఎగరకుండా అటూ ఇటూ బట్టల క్లిప్పులు. పేజీ తిప్పడానికి మాత్రం రెండు క్లిప్పులూ తీసి పెట్టాలి, అది కాస్త చికాకే.

ఈ వారం ఆ పీఠం మీద ఉన్నవి మధురాంతకం రాజారాం కథలు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన పుస్తకం. ఆయనా మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషే, ఆయనా బడిపంతులే. ఆ మాట గుర్తుంచుకుని చదివితే నాకు ఇంకొంచెం దగ్గరగా అనిపిస్తుంది. పరుగులు పెట్టించే కథలు కావు. తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడతాయి, కాబట్టి అల్లికకు సరిపోతాయి. అయినా ఒక కథ దగ్గర చేయి బిగిసింది. తర్వాత టోపీ వెలుతురులో పట్టుకుని చూస్తే మధ్యలో ఆరు వరసలు నొక్కేసినట్టున్నాయి, సన్నటి నడుములాగా. మామూలుగా నాకు అంగుళానికి అయిదున్నర కుట్లు వస్తాయి, అక్కడ ఆరు దాటాయి. విప్పలేదు. పిల్లవాడి తలకు సాగుతుందిలే.

తోటి వేషం రోజు ఒక గొడవ జరిగింది. మా మేనల్లుడు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని వచ్చి, నేను మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళి వచ్చేలోపు లేత పసుపు ఊలు ఉండను బంతి చేసి ఆడాడు. అయిదు వేళ్ళ ముద్రలూ దాని మీదే. యాక్రిలిక్ కాబట్టి సబ్బునీళ్ళలో జాడిస్తే పోయింది. అదే అసలు ఉన్ని అయి, వేడినీళ్ళలో వేసి రుద్ది ఉంటే ముద్దకట్టేది. పిల్లల టోపీలకు నేను యాక్రిలిక్కే వాడడానికి అదొక కారణం. గుచ్చుకోదు కూడా.

సూదికి ఉన్న లోపం అతుకు. పుల్లా తీగా కలిసేచోట చిన్న లోహపు తొడుగు ఉంటుంది. కొత్తలోనే ఊలు పోగులు అక్కడ తట్టుకునేవి, గోళ్ళ ఆకురాయితో నెమ్మదిగా రుద్ది సరిచేశాను. ఏడాది తిరిగేసరికి చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో ఆ అతుకు ఊడింది. పుల్ల నా చేతిలో, తీగ ఒళ్ళో, మధ్యలో కుట్లన్నీ గాల్లో! బస్సు గతుకుల్లో ఒక్కొక్క కుట్టే జారుతుంటే పక్క సీటు పెద్దాయన "కదలొద్దమ్మా, కదలొద్దు" అని తనే ఊపిరి బిగబట్టాడు. అమ్మినవాళ్ళు గడువు దాటిందన్నారు. గమ్ము వేసి అతికించాను, రెండేళ్ళుగా నిలిచింది. అయినా ప్రయాణానికి దాన్ని నమ్మను. బస్సెక్కే ముందు ఒక వరస కుట్లన్నిటి గుండా వేరే రంగు కుట్టుదారం పోనిచ్చి ఉంచుతాను. ఊడినా ఆ దారం దగ్గర ఆగుతుంది.

తీగ చుట్టలు చుట్టుకుపోయే గుణం ఇంకా పోలేదు. చెంబులో వేడినీళ్ళు పోసి, పుల్లలు తడవకుండా తీగను మాత్రం రెండు నిమిషాలు ముంచి, లాగి పట్టుకుంటే దారికొస్తుంది. మేలో ఆ పనే అక్కర్లేదు, దానంతట అదే మెత్తగా ఉంటుంది. డిసెంబరులో మొండికేస్తుంది.

80 సెంటీమీటర్లే ఎందుకంటే టోపీ పైభాగం కోసం. అక్కడ 88 కుట్లు కాస్తా 80, 72 ఇలా ఎనిమిదెనిమిది చొప్పున తగ్గుతూ చివరికి ఎనిమిదే మిగులుతాయి. పొట్టి తీగ అయితే కుట్లు చుట్టూ అందవు. ఈ పొడుగు తీగనైతే మొదటి వరస నుంచీ కుట్ల మధ్యనుంచి ఉచ్చులా బయటికి లాగి, సగం ఒక పుల్ల మీద, సగం ఇంకో పుల్ల మీద పెట్టుకుని చివరిదాకా అల్లొచ్చు. పైభాగం తగ్గించేటప్పుడు మాత్రం పుస్తకం మూసేయాలి.

వారంలో ఇంకో రెండు పనులు కూడా పట్టాను. వేడి గిన్నెలు దించే గుడ్డ ఒకటి, నూలు దారంతో. వేడికి యాక్రిలిక్ కరుగుతుంది కాబట్టి వంటింట్లోకి నూలే. అది ఒక్క సాయంత్రంలో అయిపోయింది. రెండోది చిల్లుల డిజైను శాలువా. ప్రతి వరసా లెక్కే, ఒక్క పేజీ కూడా చదవనివ్వదు. పదకొండు వరసలకు పక్కన పడేశాను.

మళ్ళీ కొంటానా? 4 మిల్లీమీటర్లూ, అంతకంటే లావువీ అయితే వెదురే. మేజోళ్ళకు వాడే సన్న సైజుల్లో వద్దు, 2.5ది నా చేతిలో పుటుక్కున విరిగింది. ఈసారి పుల్లలు మరమీద బిగించే రకం తీసుకుంటాను, అతుకు పోతే తీగ ఒక్కటే మార్చుకోవచ్చు.

జాతర అయిపోయింది. రెండో టోపీకి 88 కుట్లు ఎక్కించాను. నిన్న రాత్రి అత్తమ్మ, "ఏమ్మా, రేపటినుంచి నేను దశమ స్కంధం మొదలుపెడతా, ఆ పీఠం నాకియ్యి" అన్నారు. ఇంకా పదిహేడు కథలున్నాయి. ప్రస్తుతానికి పుస్తకాన్ని రెండు దిండ్లకు ఆనించాను, నాలుగు వరసలకోసారి జారి పడుతోంది.