పారామోర్ తొలి ఆల్బమ్ ‘ఆల్ వి నో ఈజ్ ఫాలింగ్’: ఏళ్ల తరబడి విన్నాక

పాప్ పంక్ (పాప్ బాణీలు కలిసిన వేగమైన రాక్ సంగీతం) ఆల్బమ్‌లలో చాలావాటిని మొదటి నెలంతా ఆపకుండా విని, ఆ తర్వాత మరచిపోతాం. 2005 జులైలో ఫ్యూయెల్డ్ బై రామెన్ అనే రికార్డు సంస్థ విడుదల చేసిన, అమెరికన్ రాక్ బృందం పారామోర్ తొలి ఆల్బమ్ విషయంలో నాకు అలా జరగలేదు. పది పాటలు, సుమారు 36 నిమిషాలు మాత్రమే ఉన్న ఈ ఆల్బమ్‌ను కాలేజీ రోజుల నుంచి నేటి వరకు వింటూనే ఉన్నాను. ఇన్నేళ్లుగా నన్ను పట్టి ఉంచింది దీని వేగం కాదు, ఆ వేగం అడుగున ఉన్న ఎడబాటు.

టెనెసీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్‌కు చెందిన ఈ బృందం రికార్డింగ్ కోసం ఫ్లోరిడాలోని ఓర్లాండోకు చేరుకున్న కొద్ది రోజులకే బాస్ గిటార్ వాయించే జెరెమీ డేవిస్ విడిపోయాడు. కొన్ని నెలల తర్వాత అతను తిరిగి వచ్చినా, అప్పటికి మిగిలినవారు ఆ వెలితినే ఆల్బమ్‌కు వస్తువుగా చేసుకున్నారు. ముఖచిత్రంపై ఖాళీగా కనిపించే ఎర్ర సోఫా, దాన్ని విడిచిపోతున్న నీడ ఆ సంఘటనకే గుర్తులు.

గాయని హేలీ విలియమ్స్‌కు అప్పుడు 16 ఏళ్లు. ఒక పెద్ద రికార్డు సంస్థ ఆమెను ఒంటరి గాయనిగా పరిచయం చేయాలని చూసినప్పుడు, బృందంతోనే పాడతానని పట్టుబట్టిన అమ్మాయి ఆమె. ఆ సంగతి తెలిసి వింటే, తోటివాడు వెళ్లిపోయిన బాధ ఆ గొంతులో ఎందుకంత సూటిగా పలికిందో బోధపడుతుంది. నా దృష్టిలో ‘ఎమర్జెన్సీ’ ఈ ఆల్బమ్‌కు శిఖరం. చరణంలో అదిమిపెట్టిన స్వరం పల్లవికి వచ్చేసరికి ఒక్కసారిగా విచ్చుకుంటుంది, తారస్థాయిలోనూ పలచబడదు. చనిపోయిన స్నేహితురాలి తలపులో రాసిన ‘బ్రైటర్’లో శోకాన్ని సాగదీయకుండా, పాట నడకను తగ్గించకుండా పాడిన తీరు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. డ్రమ్స్ వాయించిన జాక్ ఫారో వయసు 15 ఏళ్లే అయినా, పాటను ఎక్కడ తోయాలో, ఎక్కడ ఆపి పట్టాలో అతనికి బాగా తెలుసు.

లోపాలు లేకపోలేదు. నడుమ వచ్చే పాటల్లో గిటార్లు దాదాపు ఒకే సాంద్రతతో మోగుతాయి కాబట్టి ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియడానికి సమయం పడుతుంది. ‘వోవా’లోని సామూహిక నినాదం వేదిక ముందు నిలబడిన జనానికి ఉత్సాహాన్నిస్తుందేమో గాని, ఇంట్లో వింటున్నప్పుడు నాకు త్వరగా విసుగు తెప్పించింది. 2007లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘రయట్!’లో ధ్వని ఇంతకంటే ఎంతో స్పష్టంగా ఉంటుంది. మొదట్లో నేను అంతగా పట్టించుకోని ‘కాన్‌స్పిరసీ’ మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ దగ్గరైంది. తర్వాత బృందంలో చేరిన టేలర్ యార్క్‌కు దాని రచనలో భాగం ఉంది.

సొంత ఊరికి తిరిగి వెళ్లినా అది మునుపటిలా అనిపించదన్న దిగులుతో సాగే ‘ఫ్రాంక్లిన్’, చదువు కోసం ఊరు వదిలిన నాకు చాలా ఆప్తమైన పాట. దాని మెత్తదనం తర్వాత వచ్చే ‘మై హార్ట్’ చివర గిటారిస్టు జాష్ ఫారో వేసే కేకలు అతకలేదని కొందరంటారు. నేను ఒప్పుకోను, అంతసేపూ బిగబట్టిన బాధ బయటపడే చోటు అదే. అందువల్ల కొత్తగా వినేవారు పాటల వరుసను మార్చకుండా, ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటిగా వినాలని నా విన్నపం.