టీవీ తీసేస్తే పెరిగిన నెట్ బిల్లు: గుంటూరులో ఒక కేబుల్ సంస్థ సేవపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో మాది రెండంతస్తుల పాత ఇల్లు. కింద మేము ఉంటాము, పైవాటా అద్దెకిచ్చాము. రెండు వాటాలకూ నెట్ ఇచ్చేది ఒకే కేబుల్ సంస్థ, తీగలు వచ్చేది ఒకే స్తంభం నుంచి, ఇద్దరమూ తీసుకున్నది 100 ఎంబీపీఎస్ వేగమే. పైవాటావారికి టీవీ కూడా ఉంది. మాకు పదకొండు నెలలుగా లేదు. ఈ ఒక్క తేడా వల్ల ధరలోనూ పరికరంలోనూ మరమ్మతులోనూ ఎంత వ్యత్యాసం వస్తుందో రోజూ కళ్లెదుట కనిపిస్తున్నందువల్ల, ఈ సేవను ఎంచుకోబోయేవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు.

నాలుగేళ్ల కిందట చేరినప్పుడు మేమూ టీవీ, నెట్ కలిసిన కాంబో ప్యాకే తీసుకున్నాము. మా అత్తగారు సాయంత్రం ఆరున్నరకు టీవీ పెడితే సీరియళ్లన్నీ అయ్యాక తొమ్మిదిన్నరకు గానీ కట్టేవారు కాదు. ఆవిడ తెనాలిలో మా మరిది ఇంటికి మారాక, సెట్‌టాప్ బాక్సు మీద దుమ్ము తుడవడం తప్ప దానితో మాకు పని లేకపోయింది. నేను ఇంటి దగ్గరే కూర్చుని చిన్న వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తాను కనుక నెట్ లేకుండా మాత్రం ఒక్క పూట గడవదు. అందుకని ప్యాక్ గడువు ముగిసిన రోజున ఆఫీసుకు వెళ్లి, టీవీ తీసేసి నెట్ ఒక్కటే ఉంచమని అడిగాను. బిల్లు ఎంతో కొంత తగ్గుతుందనే అనుకున్నాను.

కాంబో ధర నెలకు 599 రూపాయలు. ఆరు నెలలకు 3,594. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4,240 రూపాయల 92 పైసలు. ఆరు నెలలు ఒకేసారి కట్టినవారికి ఏడో నెల ఉచితం కనుక నెలకు పడేది సుమారు 606 రూపాయలు. నెట్ ఒక్కటే అయితే నెలకు 549. ఆరు నెలలకు జీఎస్టీతో కలిపి 3,886 రూపాయల 92 పైసలు. ఉచిత నెల కాంబోవారికే పరిమితం కనుక మాకు నెలకు దాదాపు 648 పడుతుంది. అంటే ఒక సేవను వదులుకున్నందుకు నెలకు 42 రూపాయలు అదనంగా కట్టాలన్నమాట. లెక్కలే వృత్తిగా ఉన్నదాన్ని కనుక అక్కడే కాగితం మీద రెండుసార్లు వేసి చూశాను. రెండుసార్లూ అదే వచ్చింది.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా కాగితం చూసి నవ్వి, “కాంబోయే ఉంచుకోండి మేడం. బాక్స్ అల్మరాలో పడేయండి, కరెంటు కూడా ఇవ్వక్కర్లేదు” అంది. ఆ సలహా ఆమె నా మేలు కోరే ఇచ్చింది, అందులో సందేహం లేదు. కానీ వద్దన్న వస్తువును అల్మరాలో దాచుకుంటే డబ్బు మిగులుతుందని అమ్మేవారే చెబుతున్నప్పుడు, ఈ ధర అసలు దేనికి కడుతున్నట్టు అన్న అనుమానం రాక మానదు.

టీవీ భాగానికి ఒక లెక్క ఉంది. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) విధానంలో, ఛానళ్లను ఇంటికి చేర్చినందుకు నెట్‌వర్క్ రుసుము కింద గరిష్ఠంగా 130 రూపాయలు, జీఎస్టీతో కలిపితే 153 రూపాయల 40 పైసలు వసూలు చేసి, పే ఛానళ్ల ధర దానికి అదనంగా తీసుకునేవారు. 2024లో ట్రాయ్ ఆ పరిమితిని ఎత్తివేసినా, పైవాటావారి బిల్లులో ఆ పద్దు ఇప్పటికీ 130గానే కనిపిస్తోంది. కాంబో ధర 599లోంచి ఆ 130 తీసేస్తే మిగిలేది 469. తెలుగు ఛానళ్ల ప్యాకుకు ఒక్క రూపాయి కూడా లెక్కగట్టకముందే వారి నెట్ విలువ 469కి దిగింది; అదే స్తంభం నుంచి అదే వేగంతో వచ్చే మా నెట్ విలువ మాత్రం 549 అయింది.

టీవీని అంత చవకగా ఎందుకు కలుపుతారన్నదానికి జవాబు కేబుల్ వ్యాపారం నడిచే తీరులోనే ఉంది. ఈ వ్యాపారంలో రాబడి అంతా మన జేబులోంచే రాదు. పే ఛానల్ గరిష్ఠ ధరలో కనీసం 20 శాతం పంపిణీ రుసుముగా కేబుల్ సంస్థకు దక్కుతుంది. అది కాక, తమ ఛానల్‌ను ఇంటింటికీ మోసుకెళ్లినందుకు కొన్ని ప్రసార సంస్థలు క్యారేజీ రుసుము చెల్లిస్తాయి, ఆ రుసుమును చందాదారుల సంఖ్యను బట్టి కడతారు. 2017 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ సంఖ్యను ప్రతి నెలా 7, 14, 21, 28 తేదీల్లో నమోదు చేసి సగటు తీస్తారు. ఆ రోజుల్లో సంస్థ కంప్యూటర్‌లో బాక్సు చందా నడుస్తున్నట్టు ఉంటే చాలు. బాక్సు టీవీకి తగిలించి ఉందా, అల్మరాలో చీరల కింద ఉందా అన్నది ఎవరికీ అక్కర్లేదు. కౌంటర్ అమ్మాయి నవ్వుతూ చెప్పిన సలహా వెనక ఉన్నది ఈ లెక్కే అని నా అభిప్రాయం.

పోనీ టీవీ లేని ఇంటికి తీగ లాగడం ఖరీదైన పనా అంటే అదీ కాదు. ఇంటికి వచ్చే గాజుపోగు ఒక్కటే. అందులో నెట్ ఇంటికి వచ్చేటప్పుడు 1490 నానోమీటర్ల కాంతి మీద, ఇంటి నుంచి పోయేటప్పుడు 1310 మీద నడుస్తుంది. టీవీ సంకేతాన్ని 1550 మీద పంపితే ఒకదానికొకటి అడ్డు రాకుండా రెండూ ఒకే పోగులో వస్తాయి. మేము టీవీ వద్దన్నప్పుడు స్తంభం మీద ఎవరూ ఏమీ మార్చలేదు, మార్చవలసిన పనీ లేదు.

అయినా ఇంట్లో మాత్రం ఒకటి మార్చారు. కాంబోతో ఉచితంగా ఇచ్చిన రెండు బ్యాండ్ల రూటర్‌కు టీవీ పోర్టు ఉంది కనుక అది కాంబోవారికే చెందుతుందని చెప్పి విప్పుకుపోయి, దాని స్థానంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే ఉన్న పాత రూటర్ పెట్టి, దానికి 1,500 రూపాయల డిపాజిట్ కట్టించుకున్నారు. తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఇప్పటికీ 94 ఎంబీపీఎస్ వస్తుంది. వైఫై మీద వెనక గదిలో 35 దాటదు. మాట ప్రకారం 100 ఇచ్చినట్టే, కానీ ఆ 100 హాల్లో రూటర్ పక్కన కూర్చున్నవారికే. గోడకు మేకు కొట్టి బిగించిన టీవీ తీగను మాత్రం తీసుకెళ్లలేదు. అది ఇంకా ఏ పరికరానికీ తగలకుండా వేలాడుతూనే ఉంది.

ధర, రూటర్ అంత బాధ పెట్టలేదు. మే నెల 18న జరిగిందే అసలు సంగతి. ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు, కరెంటు తీగలకు తగులుతున్నాయని వేపకొమ్మలు కొట్టిస్తుండగా ఒక కొమ్మ మా రెండు వాటాల తీగలనూ తెంపుకుంటూ కింద పడింది. రెండు రూటర్లలోనూ ఎర్రలైటు వెలిగింది. పది నిమిషాల తేడాతో ఇద్దరమూ ఫిర్యాదు చేశాము. సాయంత్రం ఐదింటికి లైన్‌మ్యాన్ కుర్రాడు నిచ్చెన వేసుకుని వచ్చి, తెగిన తీగ పైపొర ఒలిచి, వెంట్రుకంత గాజుపోగును స్పిరిట్‌తో తుడిచి, మొన కత్తిరించి, అతుకు వేసే యంత్రంలో పెట్టి మూత వేశాడు. తరవాత కాంతి ఎంత బలంగా అందుతోందో మీటర్ పెట్టి చూసుకుని, “మైనస్ 21, సూపర్” అన్నాడు. పైవాటాలో టీవీ మోగింది. రెండో తీగ అతని భుజం పక్కనే గాలికి ఊగుతుండగా అతను నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు.

మాది కూడా అతకమని అడిగితే అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “మీ కంప్లైంట్ టికెట్ నాకు రాలేదక్కా. టీవీ ఉన్నవి మా ఓనర్ గారివి, నెట్ ఒక్కటే ఉన్నవి ఆఫీసు టీం చూస్తుంది” అన్నాడు. ఐదు నిమిషాల పనే కదా బాబూ అంటే, “పని ఐదు నిమిషాలే అక్కా, ఆఫీసు టికెట్ నేను ముట్టుకుంటే రేపు నన్నే అడుగుతారు” అని నిచ్చెన సైకిల్‌కు కట్టుకుని వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు. టీవీ నెట్‌వర్క్ రుసుములో, వేరే ఒప్పందం లేనప్పుడు, 45 శాతం స్థానిక ఆపరేటరుకు, అంటే ఆ కుర్రాడి ఓనరుకు, ముట్టాలని నిబంధన ఉంది. అందువల్ల బాక్సు ఉన్న ఇల్లు ఆపరేటరుకు సొంత ఇల్లులాంటిది. ఇక్కడ నెట్ ఒక్కటే ఉన్న ఇంటి డబ్బు నేరుగా ఆఫీసుకు పోతుంది, ఆ ఇళ్లకు ఊరు మొత్తానికీ ఇద్దరే మనుషులట.

ఆ ఇద్దరిలో ఒకరు మా వీధిలోకి వచ్చేసరికి 20వ తేదీ మధ్యాహ్నం మూడు అయింది, అంటే రెండు రోజుల నాలుగు గంటలు. ఏప్రిల్ నెల జీఎస్టీఆర్-3బీ రిటర్నులకు అదే ఆఖరు తేదీ. ఫోన్ నెట్ మీద పోర్టల్ తెరుచుకోవడమే గగనమైతే, చేసేది లేక ఫైళ్లు పట్టుకుని మా పైవాటావారి హాల్లో కూర్చుని వారి వైఫై మీద పదకొండు రిటర్నులు దాఖలు చేశాను. ఇంటి యజమానురాలు అద్దెకున్నవారి ఇంట్లో నెట్ అరువు తెచ్చుకోవడం నాకే విచిత్రంగా అనిపించింది. వారు మంచివారు, కాఫీ ఇచ్చారు, టీవీ సౌండు కూడా తగ్గించారు.

వచ్చిన ఆఫీసు మనిషి వేసిన అతుకుకు మీటర్‌లో మైనస్ 26 చూపించింది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి బలహీనమైనట్టు. ఇలాంటి ఇంటి రూటర్లు దాదాపు మైనస్ 27 వరకు పని చేస్తాయి కనుక నెట్ వచ్చింది, టికెట్ మూశాడు. వాన పడిన రెండు సాయంత్రాలు మాత్రం ఎర్రలైటు మళ్లీ వెలిగింది.

సేవలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. తెగని రోజున నెట్ నిలకడగా వస్తుంది, అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్‌తో సమానంగా ఉంటుంది, పెద్ద ఫైళ్లు పంపేవారికి అది చాలా మేలు. ఆఫీసు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంది, లోపల మనుషులు మర్యాదగా మాట్లాడతారు. రసీదు అడిగితే అప్పటికప్పుడు ఇస్తారు.

కలిపి అమ్మడాన్ని నేను తప్పుపట్టడం లేదు. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో లాంఛనంగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇస్తామని వచ్చింది. అమెరికాలో కామ్‌కాస్ట్ వంటి కేబుల్ సంస్థలు అంతకు చాలా ఏళ్ల ముందునుంచే ‘ట్రిపుల్ ప్లే’ పేరుతో ఆ పని చేస్తున్నాయి. రెండు కొన్నవారికి ఒకటి తగ్గించి ఇవ్వడం కూరగాయల మార్కెట్‌లోనూ ఉన్నదే. ఒకటే కొన్నవారి దగ్గర రెండింటికన్నా ఎక్కువ తీసుకోవడం మాత్రం ఏ మార్కెట్‌లోనూ చూడలేదు. నెట్ విడిగా చవకగా ఇవ్వడం సాధ్యం కాదన్న వాదన కూడా నిలవదు. 2020లోనే జియో 30 ఎంబీపీఎస్ వేగంతో నెలకు 399 రూపాయల ఇంటి నెట్ ప్లాన్ తెచ్చింది.

ధర గురించి ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు. ఇంటి నెట్ ధరలను ట్రాయ్ సంస్థల ఇష్టానికే వదిలేసింది. 2016 నాటి దాని నిషేధం, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడానికి సంబంధించింది, కాంబోలకు వర్తించదు. మరమ్మతు ఆలస్యం గురించి మాత్రం డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) అడిగి తీసుకోవాలి. 2012 నాటి నిబంధనల ప్రకారం జవాబు నచ్చకపోతే అదే సంస్థలో అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉంది. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే హక్కు ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నేను డాకెట్ నంబరు తీసుకున్నాను. తరవాతి టర్మ్‌లో రెండు రోజులు కలిపారు, అడిగాక.

ఇంట్లో సీరియళ్లో క్రికెట్టో చూసేవారుంటే ఈ సంస్థ కాంబోకు ఐదింటికి నాలుగు ఇస్తాను. నెట్ ఒక్కటే కావలసినవారికి రెండుకు మించి ఇవ్వలేను. ఇంకా ఇందులోనే చేరదలిస్తే మూడు విషయాలు ముందే కాగితం మీద రాయించుకోవాలి: ఏ రూటర్ ఇస్తారు, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, తీగ తెగితే ఎవరు వస్తారు.

మా రెండో ఆరు నెలల గడువు వచ్చే నెల 9న ముగుస్తుంది. టీవీ ఊసు లేకుండా నెట్ అమ్మే ఇంకొకరు మొన్న వచ్చి స్తంభం చూసి వెళ్లారు. ఆ మర్నాడే కౌంటర్ అమ్మాయి ఫోన్ చేసి, మళ్లీ కాంబోకి మారితే డిపాజిట్ 1,500 వెనక్కి ఇచ్చి పాత రూటరే తెచ్చి పెడతామని, బాక్స్ వాడకపోయినా ఫరవాలేదని చెప్పింది. అల్మరాలో చోటు లేదన్నాను.