బ్లేజార్ల మీద రెండు కిరణాల పోలారిమీటర్: చాలాకాలం వాడాక

ధ్రువణ దిశను తిప్పే హాఫ్‌వేవ్ ప్లేట్, కాంతిని రెండు కిరణాలుగా చీల్చే వోలాస్టన్ పట్టకం, వెనకాల సీసీడీ కెమెరా. బ్లేజార్ (నడిమి బ్లాక్‌హోల్ నుంచి మన వైపుకే జెట్ చిమ్మే గెలాక్సీ) జెట్ల ధ్రువణం, అంటే కాంతి తరంగాలు ఏ మేరకు ఒకే దిశలో ఊగుతున్నాయో, కొలవడానికి ఈ సరంజామా చాలు. కొన్ని సీజన్లు వాడాక తేలిందేమిటంటే, యంత్రం మొరాయించడం తక్కువ; కొంప ముంచేవి కోణాల లెక్క, ఆతిథేయ గెలాక్సీ వెలుగు.

ప్లేట్‌ను 0, 22.5, 45, 67.5 డిగ్రీల దగ్గర నిలిపి నాలుగు ఎక్స్‌పోజర్లు తీయాలి. ప్రతి నక్షత్రమూ రెండు బొమ్మలుగా పడుతుంది. 0–45 జంట క్యూ ఇస్తుంది, 22.5–67.5 జంట యూ ఇస్తుంది; ధ్రువణ శాతం, కోణం ఈ రెండు రాశుల నుంచే వస్తాయి. రెండు బొమ్మలూ ఒకే క్షణంలో పడతాయి కాబట్టి పల్చటి మబ్బు అడ్డొచ్చినా నిష్పత్తి చెదరదు. ఫొటోమెట్రీకి (వెలుగు ఎంతో కొలవడానికి) పనికిరాని రాత్రి కూడా దీనికి పనికొస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే. చంద్రుడున్న రాత్రుల సంగతి వేరు: చంద్రుడికి 90 డిగ్రీల దూరాన ఆకాశమే బాగా ధ్రువణం చెంది ఉంటుంది, నేపథ్యాన్ని ఒక్కో బొమ్మకూ విడిగా తీసెయ్యాలి.

ప్లేట్ ఒక డిగ్రీ తప్పితే ధ్రువణ కోణం రెండు డిగ్రీలు తప్పుతుంది. పరికరాన్ని టెలిస్కోప్ నుంచి విప్పి బిగించిన ప్రతిసారీ కోణాల సున్నా స్థానం పక్కకు జరుగుతుంది. బీడీ+59 389 లాంటి ప్రామాణిక నక్షత్రాన్ని (వి బ్యాండ్‌లో, అంటే ఆకుపచ్చ-పసుపు వెలుగులో, ధ్రువణం 6.7 శాతం, కోణం 98 డిగ్రీలు) చూడకుండా ఆ రాత్రి డేటాను నమ్మకండి. ప్లేట్ మీది దుమ్ము ప్లేట్‌తోపాటే తిరుగుతుంది, అందుకే ఒకే కోణంలో తీసిన ఫ్లాట్‌తో (సమంగా వెలిగే తలాన్ని తీసిన సవరణ బొమ్మతో) అది పోదు.

నాలుగు ఎక్స్‌పోజర్లలో, రెండు బొమ్మల్లో కలిపి 80,000 ఎలక్ట్రాన్లు పోగైతే దోషం 0.5 శాతానికి దిగుతుంది, అదీ ఆకాశపు రొద లెక్కలోకి రాకముందు. 0.2 శాతం కావాలంటే ఐదు లక్షలు. కోణం మీద దోషం ఎంతో తెలియాలంటే ఈ దోషాన్ని ధ్రువణ శాతంతో భాగించి 28.65తో గుణించాలి. దోషం 0.5 శాతమైతే 10 శాతం ధ్రువణానికి 1.4 డిగ్రీలు, 1 శాతానికి 14 డిగ్రీలు. ఆ రెండోదాన్ని గ్రాఫ్‌లో పెట్టి కోణం తిరిగిందనడం తొందరపాటే. పైగా ధ్రువణ శాతం రుణసంఖ్య కాలేదు, రొద దాన్ని పైకే నెడుతుంది. దాని వర్గంలోంచి దోషం వర్గాన్ని తీసేసి వర్గమూలం కట్టాలి.

కోణానికి 180 డిగ్రీల తికమక ఉంది: 10 డిగ్రీలకీ 190 డిగ్రీలకీ తేడా తెలియదు. 2009లో 3సీ 279 అనే బ్లేజార్‌లో గామా కిరణాల జ్వాలతోపాటు కోణం 20 రోజుల్లో 208 డిగ్రీలు తిరిగింది, అంటే రోజుకు సుమారు పది. అదే వేగానికి తొమ్మిది రోజుల ఖాళీ పడితే ఎటు తిరిగిందో చెప్పలేం. రోజూ టెలిస్కోప్ దొరకనివాళ్లు కోణభ్రమణాల జోలికి పోకపోవడం మంచిది.

మార్కేరియన్ 501 లాంటి బ్లేజార్లలో ధ్రువణం లేని నక్షత్రాల వెలుగు జెట్‌ను పలుచన చేస్తుంది. కాంతిలో సగం గెలాక్సీదైతే, కొలిచిన 4 శాతం జెట్‌లో 8 శాతం. అపర్చర్‌ను (బొమ్మలో వెలుగు లెక్కించే వలయాన్ని) మార్చకూడదు, సీయింగ్ (గాలి కదలికల వల్ల బొమ్మకు వచ్చే మసక) పాడైతే గెలాక్సీ వాటాను మళ్లీ లెక్కకట్టాలి. 2022 మార్చిలో ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం ఈ వస్తువు ఎక్స్‌రేల్లో దాదాపు 10 శాతం చూసింది, ఆప్టికల్‌లో వచ్చింది ఇంచుమించు సగమే. షాక్ దగ్గర కణాలు వేగం పుంజుకుని, దూరం పోయేకొద్దీ శక్తి కోల్పోతాయన్న వాదనకు ఆ తేడా బలం. గెలాక్సీ వెలుగును తీసేసే సవరణ చెయ్యకపోతే అలాంటి పోలికకు అర్థం లేదు.

గంటల్లో మారే ఎస్5 0716+714 లాంటి బ్లేజార్లకు మాత్రం ప్లేట్ తిప్పేలోపే కాంతి మారిపోవచ్చు. క్రీట్‌లోని స్కినాకాస్‌లో ఉన్న రోబోపోల్ తరహా, ఒకే ఎక్స్‌పోజర్‌లో నాలుగు బొమ్మలిచ్చే పరికరం అక్కడ మేలు. కాకపోతే ప్లేట్ తిప్పితే రద్దయ్యే లోపాలు అందులో రద్దు కావు. ఫీల్డ్ అంతటా పరికరపు ధ్రువణాన్ని ముందే కొలిచి పెట్టుకోవాలి.