బిజినెస్ కాలిక్యులస్ ఆన్‌లైన్ పేపర్: సూత్రాలు వచ్చేస్తాయి, లెక్క కట్టడమే రాదు

నెల్లూరులో షాపులోనో, ఒంగోలులో ఆడిటర్ ఆఫీసులోనో పగలంతా పనిచేసి, రాత్రి కూర్చొని ఆన్‌లైన్ బీబీఏ చదివేవాళ్లను బాగా ఇబ్బంది పెట్టే పేపర్ ఇది. ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నవాళ్లు లెక్కలకు పదో తరగతితోనే దండం పెట్టేసి ఉంటారు. ఎంఈసీ వాళ్లకు సగం పాఠం తెలిసిందే. ఒకే కోర్సు ఈ ఇద్దరికీ సరిపోవడం కష్టం. బయటి రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి ఇస్తున్న ఈ అప్లైడ్ కాలిక్యులస్ పేపర్‌కు ఐదుకు మూడు ఇవ్వొచ్చు.

వీడియోలు బాగున్నాయి. పొట్టివి, స్పీడ్ తగ్గించుకొని చూడొచ్చు, ఇంగ్లీషు కూడా తేలిగ్గానే ఉంది. ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ ఉన్నప్పుడు డెరివేటివ్ (మార్పు రేటు) తీసే చైన్ రూల్ చెప్పిన తీరు మెచ్చుకోవాల్సిందే. 3ఎక్స్ + 1 మొత్తానికి ఐదో ఘాతం ఉన్నప్పుడు లోపలి భాగాన్ని వేరే రంగులో రాసి, బయటి 5తో పాటు లోపలి నుంచి వచ్చే 3తో కూడా గుణించాలని చూపిస్తారు. ముందు 15 రావాల్సిన చోట 5 రాసి వదిలేసే అలవాటు దాంతో పోతుంది. లిమిట్ల మీద మాత్రం అవసరానికి మించి సాగదీశారు. బిజినెస్ విద్యార్థికి అంత అక్కర్లేదు.

తేడా కొట్టేది ఆ తర్వాత. డెరివేటివ్ తీయడం నేర్పారు గానీ దేనికి తీయాలో నేర్పలేదు. ఉదాహరణలన్నీ డాలర్లలో, ఫంక్షన్ ముందే రాసిపెట్టినవి. పరీక్షలోనేమో నాలుగు వాక్యాల సమస్య ఇచ్చి ఫంక్షన్ మీరే కట్టుకోమంటారు. మార్కులు పోయేది అక్కడే.

ఒంగోలు హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన మార్కాపురం పలకలు అమ్ముతున్నాడనుకుందాం. అంకెలు ఊహించినవే. వారానికి ఎక్స్ బాక్సులు పోవాలంటే బాక్సు ధర 500 − 2ఎక్స్ రూపాయలు పెట్టాలి. గోడౌన్ అద్దె, జీతాలు కలిపి వారానికి 6,000. బాక్సు కొన్న ధర 100. రాబడి అంటే ధరను బాక్సులతో గుణించడమే కాబట్టి 500ఎక్స్ − 2ఎక్స్² అవుతుంది. చాలామంది దీని డెరివేటివ్ తీసి, సున్నాకు సమానం చేసి, 125 బాక్సులని రాసేసి ముందుకెళ్లిపోతారు. అది రాబడి గరిష్ఠం, లాభం గరిష్ఠం కాదు. లాభం కావాలంటే మార్జినల్ రాబడి (ఇంకో బాక్సు అమ్మితే అదనంగా వచ్చేది) 500 − 4ఎక్స్‌ను మార్జినల్ ఖర్చు (ఆ బాక్సుకు అదనంగా అయ్యేది) 100తో సమానం చేయాలి. అప్పుడొచ్చేది 100 బాక్సులు.

సరిచూసుకోండి. 125 బాక్సులు 250 చొప్పున పోతే 31,250 వస్తుంది. ఖర్చు 18,500 పోగా మిగిలేది 12,750. 100 బాక్సులు 300 చొప్పున పోతే వచ్చేది 30,000, ఖర్చు 16,000, మిగిలేది 14,000. గల్లాపెట్టెలో తక్కువ పడ్డా మిగులు 1,250 ఎక్కువ. ఇంకో సంగతి, ఎన్ని బాక్సులమ్మినా ఆ 6,000 మారదు కాబట్టి డెరివేటివ్ తీయగానే మాయమైపోతుంది. చివర్లో లాభం కట్టేటప్పుడు దాన్ని మళ్లీ తీసేయాలి. జవాబు 20,000 అని వచ్చిందంటే అద్దె మర్చిపోయినట్టే.

ఇదే లెక్కలో ఎలాస్టిసిటీ, అంటే ధర ఒక శాతం మారితే అమ్మకం ఎన్ని శాతం మారుతుందో కూడా చెప్పేయొచ్చు. మైనస్ గుర్తు వదిలేసి చూస్తే 300 ధర దగ్గర అది 1.5, రాబడి గరిష్ఠమయ్యే 250 దగ్గర సరిగ్గా 1. కోర్సులో దాన్ని విడిగా ఇంకో మాడ్యూల్‌లో పెట్టి, దీనికీ దానికీ సంబంధమే లేనట్టు నడిపించారు.

మార్జినల్‌కూ సగటుకూ తేడా కూడా పైపైనే చెప్పారు. పై లెక్కలో 100 బాక్సుల దగ్గర సగటు ఖర్చు 160, మార్జినల్ ఖర్చు 100. రొయ్యల చెరువు చేసేవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో వారం ఉంచాలా, పట్టేయాలా అన్నప్పుడు సీడుకు ఎప్పుడో పెట్టిన డబ్బు చూడరు. ఆ వారంలో పెరిగే బరువు, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) మారితే కలిసొచ్చే రేటు ఒకవైపు, మేత, కరెంటు, జబ్బు భయం ఇంకోవైపు వేసుకుంటారు. అసలు పాఠం అక్కడ మొదలుపెట్టాల్సింది.

ఎక్స్‌పొనెన్షియల్ మాడ్యూల్‌కు మన నూటికి రెండు రూపాయల వడ్డీ చక్కగా సరిపోతుంది. నెలకు 2 శాతమంటే బారువడ్డీ కింద ఏడాదికి 24. నెలనెలా చక్రవడ్డీ కడితే 26.82, క్షణక్షణం కడితే, అంటే ‘ఈ’ (e, సుమారు 2.718) అనే సంఖ్యకు 0.24 ఘాతం వేస్తే, 27.12. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ ‘ఈ’ ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థమవుతుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, రేటు నెలది, కాలం ఏళ్లది పెట్టడం. లేదా 0.24 బదులు 24 కొట్టడం.

ఇంటిగ్రేషన్‌లో (గీత కింద వైశాల్యం కట్టడంలో) కన్స్యూమర్ సర్‌ప్లస్, అంటే కొనేవాళ్లు ఇవ్వడానికి సిద్ధపడినదానికీ నిజంగా కట్టినదానికీ తేడా, అడగడం ఖాయమనుకోండి. మన పలకల లెక్కలోనే సున్నా నుంచి 100 వరకు డిమాండ్‌ను, అంటే ధర 500 − 2ఎక్స్‌ను, ఇంటిగ్రేట్ చేస్తే 40,000. అక్కడితో ఆపేస్తే తప్పు. కొన్నవాళ్లు నిజంగా కట్టిన 30,000 తీసేస్తే 10,000 వస్తుంది, అదే జవాబు. గ్రాఫ్ గీసుకుంటే పైన త్రిభుజం కనిపిస్తుంది, సగం ఇంటూ 100 ఇంటూ 200. సరిచూసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

గ్రాఫ్‌లకు డెస్మోస్ ఉచితం, ఫోన్లో కూడా నడుస్తుంది. అయితే తెరవగానే అది చూపించేది సున్నాకు రెండువైపులా పది దాకానే. రాబడి ఫంక్షన్ కొడితే నిట్టనిలువు గీత తప్ప ఏమీ కనపడదు. సెట్టింగ్స్‌లో అడ్డం 0 నుంచి 250, నిలువు 0 నుంచి 35,000 పెట్టండి, గుట్టలాంటి వంపు బయటపడుతుంది. కాసియో ఎఫ్ఎక్స్-991 ఉంటే డెరివేటివ్ బటన్ ఉంటుంది. కానీ అది ఫలానా విలువ దగ్గర అంకె ఇస్తుంది తప్ప సూత్రం ఇవ్వదు. జవాబు సరిచూసుకోవడానికి వాడండి. పరీక్షకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఈ కోర్సులో అన్నిటికన్నా చికాకు పెట్టేది క్విజ్ జవాబు పెట్టె. 14,000 అని కామాతో కొడితే తప్పంటుంది, 14000 అనే కొట్టాలి. ఒకటి బై రెండు ఎక్స్ అని బ్రాకెట్ లేకుండా కొడితే సగం ఎక్స్ అనుకుంటుంది. కింద ఉండాల్సిన 2ఎక్స్‌ను బ్రాకెట్‌లో పెట్టాలి. మధ్యలోనే రౌండ్ చేస్తే చివరి పైసల్లో తేడా వచ్చి మార్కు పోతుంది. ‘తప్పు’ అని ఎర్రగా చూపిస్తుందే గానీ ఎక్కడ తప్పిందో చెప్పదు. సందేహాల క్లాసు ఉంది, కానీ పనిచేసేవాళ్లకు కుదరని పగటిపూట పెట్టారు.

చేరేముందు ఆ ప్రోగ్రామ్ యూజీసీ డీఈబీ (దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులను చూసే విభాగం) జాబితాలో ఉందో లేదో చూసుకోండి. సీఈసీ వాళ్లు మొదటి వీడియో కన్నా ముందు ఘాతాంకాలు, బ్రాకెట్లు విప్పడం, వర్గ సమీకరణాలు పదో తరగతి పుస్తకంలోంచే ఒకసారి తిరగేయాలి. కోర్సు ఇవన్నీ వచ్చనే అనుకుంటుంది. ఎంఈసీ వాళ్లు నేరుగా మార్జినల్ మాడ్యూల్‌కు వెళ్లిపోవచ్చు, డెరివేటివ్‌ల క్విజ్ మాత్రం వదలకండి, దానికీ మార్కులున్నాయి.