డబ్ల్యూ3సీ హెచ్‌టీఎమ్‌ఎల్ చెకర్: హెడ్‌లో దాగిన తప్పు కోసం

వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చే ఈ చెకర్ పేజీ కోడ్‌లో తప్పులు చూపిస్తుంది. దీన్ని ఏళ్ళ తరబడి వాడుతున్నాను. మార్కప్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేకపోయినంత మాత్రాన గూగుల్‌లో ర్యాంకు పెరగదు, ఆ ఆశతో వాడొద్దు. నేను దీన్ని వదలనిది ఒకే ఒక్క సంగతి కోసం. పేజీలో హెడ్ (తెరమీద కనపడని, పేజీ గురించిన వివరాలుండే పై భాగం) ఎక్కడ తెగిందో ఇది పట్టిచ్చినట్టు ఇంకేదీ పట్టివ్వదు.

యాడ్ ట్రాకింగ్ కోడ్‌తో పాటు నోస్క్రిప్ట్ ముక్క (జావాస్క్రిప్ట్ నడవనప్పుడు పనికొచ్చేది) ఒకటి వస్తుంది, అందులో ఒక పిక్సెల్ ఇమేజ్ ఉంటుంది. మొత్తాన్నీ తీసుకెళ్ళి థీమ్‌లోని హెడర్ పెట్టెలో పేస్ట్ చేస్తారు. హెడ్‌లో ఉండే నోస్క్రిప్ట్‌లో లింక్, స్టైల్, మెటా తప్ప ఏవీ చెల్లవు. స్క్రిప్టులు నడపకుండా చదివే పార్సర్ (కోడ్‌ను విడదీసి చదివే ప్రోగ్రామ్) ఇమేజ్ ట్యాగ్ తగలగానే హెడ్‌ను మూసేసి బాడీ (తెరమీద కనిపించే భాగం) మొదలుపెడుతుంది. దాని కింద రాసిన కెనానికల్ (అసలు పేజీ చిరునామా ఏదో చెప్పే ట్యాగ్), హెచ్‌రెఫ్‌లాంగ్ (ఒకే పేజీకున్న వేర్వేరు భాషల రూపాలను కలిపే ట్యాగ్) అన్నీ బాడీలో పడతాయి. బాడీలో ఉన్న కెనానికల్‌ను గూగుల్ లెక్కలోకి తీసుకోదు. తెలుగు పేజీకీ దాని ఇంగ్లీషు పేజీకీ కలిపిన లంకె పోతుంది. సందర్శకులు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియడానికి తగిలించే యూటీఎమ్ తోకతో ఉన్న చిరునామా అసలు పేజీకి బదులు ఇండెక్స్‌కెక్కినా ఎక్కవచ్చు.

బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ చేస్తే మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే నోస్క్రిప్ట్ లోపలిదంతా బ్రౌజర్‌కు ఉత్త టెక్స్టే. చెకర్ స్క్రిప్టులు లేనట్టు చదువుతుంది కాబట్టి దానికి దొరికిపోతుంది. ఇమేజ్ మీద ‘బ్యాడ్ స్టార్ట్ ట్యాగ్’, ఆ కింద హెడ్ మీద ‘స్ట్రే ఎండ్ ట్యాగ్’ వస్తే జబ్బు ఇదే. మొదటిది సరిచేస్తే దాన్ని పట్టుకుని వచ్చినవీ పోతాయి. నోస్క్రిప్ట్ ముక్కను బాడీ తెరిచిన వెంటనే పెట్టండి. టైటిల్, కెనానికల్, హెచ్‌రెఫ్‌లాంగ్‌లను ట్రాకింగ్ స్క్రిప్టులన్నిటికంటే పైకి తెచ్చుకుంటే ఇంకా భద్రం.

ఇంకేదీ పట్టివ్వదన్న మాట సర్వర్ పంపిన హెచ్‌టీఎమ్‌ఎల్ వరకే. ఏదైనా స్క్రిప్టు తర్వాత హెడ్‌లోకి ఐఫ్రేమ్ (పేజీలో ఇంకో పేజీని చూపే ట్యాగ్) దూర్చితే చెకర్‌కు తెలియదు. అప్పుడు సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ తెరిచి, గూగుల్ క్రాల్ చేసిన హెచ్‌టీఎమ్‌ఎల్‌ను కాపీ చేసి చెకర్‌లో పేస్ట్ చేయాలి. స్కీమా డేటా (పేజీలో ఏముందో సెర్చ్ ఇంజన్లకు చెప్పే కోడ్) సరిగ్గా ఉందో లేదో కూడా ఇది చెప్పదు, దానికి గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్ లాంటిది వాడాలి. ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ అనే పాత రూపం రోజుల నుంచి ట్యాగుల చివర మిగిలిన స్లాష్‌ల మీద వచ్చే సూచనలైతే లెక్కే ఉండదు. వాటివల్ల సెర్చ్‌కు నష్టమేమీ లేదు, వదిలేయండి.

ప్లగిన్లు ఎక్కువున్న వర్డ్‌ప్రెస్ సైట్లు చూసేవాణ్ని కాబట్టి నాకిది తప్పనిసరి. హెడర్‌లో ఏది మారినా హోమ్, పోస్ట్, కేటగిరీ పేజీల్లో ఒక్కోటి చొప్పున చెక్ చేస్తాను. పేజీలన్నీ రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో బ్రౌజర్‌లోనే తయారయ్యే సైటుకు ఇంత పట్టుగా చెప్పలేను.