కొత్త డబుల్ క్యాబ్ పికప్: ఇంజిన్‌కి వంక పెట్టలేం, బిగింపుకి పెట్టకుండా ఉండలేం

ముందు మంచి మాట చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. ఇంజిన్ బాగుంది. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కూడా గేరు కోసం తడుముకోదు. ఏసీ వెనక సీటు దాకా కొడుతుంది, బ్రేకు మీద నమ్మకం కుదిరింది, ఛాసిస్, అంటే బండిని మోసే కింది చట్రం, గట్టిది. ప్రధానంగా డబ్బు పెట్టింది వీటికే కాబట్టి కొన్నందుకు బాధ లేదు. బాధంతా ఇంత మంచి సరుకునీ ఒకచోట చేర్చి బిగించిన తీరు మీద. కంపెనీ పేరు రాయడం లేదు. టింకరింగ్, పెయింటింగ్ షెడ్డులో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని, ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదని నాకు తెలుసు.

పికప్ కొన్నవాళ్లు మొదట ఫొటో తీసి పెట్టే ఫిర్యాదు క్యాబిన్‌కీ వెనక సరుకు వేసే తొట్టికీ మధ్య సందు. పైన ఒకలా, కింద ఒకలా ఉందని గోల. నా బండిలోనూ ఉంది. కానీ నిజం చెప్పాలంటే నాకు అన్నిటికంటే తక్కువ కోపం తెప్పించింది ఇదే. కారులో ఒళ్లంతా ఒకే గూడు. పికప్‌లో క్యాబిన్ వేరు, తొట్టి వేరు, రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుంటాయి. క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు ఉంటాయి. గతుకుల్లో ఒక చక్రం ఎత్తుకెక్కితే ఛాసిస్ మెలి తిరుగుతుంది, అప్పుడు ఈ రెండూ ఒకదాన్నొకటి రాసుకోకుండా ఆ సందు కావాలనే వదులుతారు. తలుపుల దగ్గర 4, 5 మిల్లీమీటర్లుండే సందు ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండటానికి కారణం అదే. చదును నేల మీద, ఖాళీ బండితో చూసినా వాలుగానే ఉంటే తొట్టి బోల్టులు వదులు చేసి జరిపి మళ్లీ సరైన టార్క్‌కి, అంటే చెప్పినంత బలంతోనే, బిగిస్తే సరిపోతుంది. మనిషి తోడుంటే ఒక పూట పని. బానెట్ ఎత్తుపల్లాలూ అంతే, కింద తిప్పే రబ్బరు బుడిపెలు ఉంటాయి, వాటితో లెవెల్ చేసుకోవచ్చు.

తొట్టి వెనక తలుపు సంగతి అలా కాదు. వేసి చూస్తే కుడి మూల తొట్టి అంచు కంటే కిందికి దిగి ఉంది. అది చూడ్డానికి బాగోలేదనేది చిన్న మాట. తెరిచి లోపలి అంచు మీద వేలు పెట్టి చూశాను. బొటనవేలి గోరంత మేర రంగు లేచిపోయి కింద బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోంది. అంటే వేసిన ప్రతిసారీ రేకుకి రేకు ఒరుసుకుంటోంది. ఇంకొన్నాళ్లు పోతే ప్రైమర్ కూడా పోతుంది, ఆ తర్వాత తుప్పు ఎవరినీ అడగదు. సందు వంకర అనేది కంటికి బాధ, ఒరిపిడి రేకుకి బాధ. బండి తీసుకునేవాళ్లు ఈ రెండిటినీ విడదీసి చూడాలి.

సర్వీస్ అడ్వైజర్ చిన్న కుర్రాడు, మర్యాదస్తుడే. చూసి, "స్పెక్‌లోనే ఉంది సార్" అన్నాడు, అంటే కంపెనీ ఒప్పుకునే కొలతలోపే అని.

"స్పెక్ ఎంత బాబూ?"

"అది కంపెనీ వాళ్లు చెప్పాలి సార్."

కొలత తెలియకుండా కొలతలోనే ఉందని ఎలా చెప్పాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. ప్రైమర్ చూపించాక మాత్రం మాట మార్చాడు, జాబ్ కార్డులో రాశాడు. వాదించాల్సింది సందు గురించి కాదు, ఒరిపిడి గురించి. చెరిగిన రంగు ముందు స్పెక్ అనే మాట నిలబడదు.

ఇక రంగు. పాత రోజుల్లో అయస్కాంతం పెట్టి, సొట్టలు పూడ్చే లప్పం ఉందో లేదో చూసేవాళ్లం. ఇప్పుడు మందం కొలిచే మీటర్లు వచ్చాయి. కంపెనీ నుంచి వచ్చిన రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కిందనుంచి వరసగా ఫాస్ఫేట్ పూత, రంగు తొట్టెలో ముంచి కరెంటుతో పట్టించే ఈ-కోటు, ప్రైమర్, అసలు రంగు, పైన క్లియర్ కోటు, అన్నీ కలిపి అంత. నా బండి చుట్టూ 110, 120, 130 అలా వచ్చింది. తొట్టి ఎడమ పక్క రేకు మీద మీటరు 260 దాటింది. లప్పం ఉంటే ఇంకా చాలా ఎక్కువ రావాలి కాబట్టి సొట్ట పూడ్చింది కాదు, రెండోసారి రంగు కొట్టారు. ప్లాంటులోనే గీత పడిందో, లారీ మీద వస్తున్నప్పుడు పడిందో, షోరూమ్ వెనక పడిందో నాకెవరూ చెప్పలేదు. రెండోసారి రంగు కొట్టడం నేరమేమీ కాదు, మా అన్నం అదే. చెప్పకపోవడమే నేరం. పైగా కొట్టినవాడు అంచు కూడా సరిగ్గా కలపలేదు, ఎండలో పక్క నుంచి చూస్తే ఆరెంజ్ పీల్, అంటే నారింజ తొక్కలాంటి గరుకు, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాలిష్ చేసి ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. క్లియర్ కోటు మొత్తమే 40, 50 మైక్రాన్లు, ఎండని ఆపేది అదే. దాన్ని అరగదీసి నునుపు చేస్తే ఈ రోజుకి మెరుస్తుంది, ఆయుష్షు తగ్గుతుంది. ఒక మాట: మీటరు కొనేవాళ్లు అల్యూమినియం మీద కూడా పనిచేసేది తీసుకోండి. ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి 2015 మోడల్ నుంచి అల్యూమినియం బాడీతోనే వస్తున్నాయి, ఉత్త అయస్కాంతం మీటరు వాటి మీద మూగదే.

నన్ను నిజంగా విసిగించింది నీళ్లు. మొదటి గట్టి వానకి వెనక సీటు కింద కార్పెట్ చెమ్మగా తగిలింది. పైకి పొడిగానే ఉంటుంది, కింద ఫోమ్ తాగేస్తుంది. అరచేత్తో గట్టిగా నొక్కితే వేళ్ల మధ్య నుంచి నీళ్లు పైకి వచ్చాయి. షోరూమ్‌లో చెప్పిన మొదటి కారణం ఏసీ నీళ్లు. ఏసీ నీళ్లు దిగితే ముందు, డ్రైవర్ పక్కసీటు కాళ్ల దగ్గర దిగుతాయి, వెనక గోడ ఎక్కి వెనక సీటు కిందికి రావు.

పికప్‌లో వెనక గోడకి నీళ్లొచ్చే దారులు మూడు, నాలుగే. జరిపే అద్దం ఉంటే దాని చట్రం, పైన మూడో బ్రేకు లైటు, తలుపు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి గోడలో పెట్టే రబ్బరు రెక్కలు, రేకుల అతుకుల మీద వేసే సీలర్. వెనక ప్లాస్టిక్ ఊడదీసి, ఒక మనిషిని టార్చి ఇచ్చి లోపల కూర్చోబెట్టి, బయట నుంచి పైపు పట్టాను. పైపు ఎప్పుడూ కింద నుంచి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా జారి ఏది కారుతోందో తెలియదు. రెక్కల దగ్గర పొడి, అద్దం దగ్గర పొడి. బ్రేకు లైటు దగ్గరికి పైపు వెళ్లగానే లోపలి నుంచి కేక. లైటు విప్పి చూస్తే వెనక ఉండే గాస్కెట్ ఒక మూల మడత పడి, ఆ మడత మీదే స్క్రూ బిగించి ఉంది. ముఖ్యమైన వైర్లు వెళ్లే దారి కూడా అదే గోడ వెంట ఉంది. మడత పడ్డ ఆ రబ్బరు ముక్క ఎంత చిన్నదంటే బిగించినవాడు ఒక్క క్షణం వేలితో తడిమి ఉంటే సరిపోయేది. వారంటీలో గాస్కెట్ మార్చారు, కార్పెట్ ఆరబెట్టి ఇస్తామన్నారు. ఫోమ్‌తో సహా మార్చమని పట్టుబట్టి మార్పించుకున్నాను. తడిసిన ఫోమ్ ఆరినట్టే ఉంటుంది, ముక్క వాసన మాత్రం పోదు.

లోపలి చప్పుళ్ల గురించి పెద్దగా రాయను. డాష్‌బోర్డులో టిక్కుటిక్కు, వెనక సీటు గొళ్లెం దగ్గర గలగల. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ని రాసుకునే చోట గుడ్డ టేపు చుడితే రెండూ పోయాయి.

పెద్ద బండి కొంటే ఇవన్నీ ఉండవనుకునేవాళ్లు టెస్లా సైబర్‌ట్రక్ చూడండి. దాని విడిభాగాలు 10 మైక్రాన్లలోపు కచ్చితత్వంతో ఉండాలని 2023లో ఎలాన్ మస్క్ ఉద్యోగులకు మెయిల్ రాసినట్టు వార్తలొచ్చాయి. 2024 ఏప్రిల్‌లో యాక్సిలరేటర్ పెడల్ మీది తొడుగు జారి ఇరుక్కునే ప్రమాదం ఉందని 3,878 బళ్లు రీకాల్ చేశారు. తొడుగు సులువుగా ఎక్కడానికి ఎవరో సబ్బు వాడారు, అది అక్కడే ఉండిపోయింది. 2025 మార్చిలో పైకప్పు పక్కన జిగురుతో అంటించిన స్టీలు పట్టీ ఊడిపోవచ్చని 46,096 బళ్లకి మళ్లీ రీకాల్. ఈసారి కొత్త పట్టీకి జిగురుతో పాటు నట్టు కూడా పెట్టారు. నట్టుని మొదటే పెట్టి ఉంటే నాలాంటి టింకరింగ్ వాడికి నవ్వుకునే అవకాశం ఉండేది కాదు. డిజైన్ డ్రాయింగ్‌లో ఎన్ని మైక్రాన్లు రాసినా చివరికి లైను మీద నిలబడ్డవాడి చెయ్యి, వాడికిచ్చిన సమయం, వాడి పని చూసే ఇంకో కన్ను, ఇవే బండిలోకి వస్తాయి.

డెలివరీ రోజు పూలదండ, ఫొటో తర్వాత పెట్టుకోండి. పగటి వెలుతురులో, కడిగి తుడిచిన బండిని చూడండి, చీకటి పడ్డాక తీసుకోవద్దు. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి, సీలరో మైనమో మూసేసిన బళ్లు చూశాను. టైర్ల గాలి కొలిపించండి. రవాణాలో టైరు చదునవకుండా ఎక్కువ గాలి కొట్టి పంపుతారు, షోరూమ్‌లో దించడం మరిచిపోతారు, మనమేమో సస్పెన్షన్ గట్టిగా ఉందని తిట్టుకుంటాం. తేడా ఏది కనిపించినా సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించండి, "తర్వాత చూద్దాం సార్" అనే మాటకి తేదీ ఉండదు.

ఇంజిన్‌కి, ఛాసిస్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. బిగింపుకి రెండు, అదీ తొట్టి లోపల కొట్టిన లైనర్, అంటే గీతలు పడకుండా వేసే పూత, మూలమూలలా సమంగా ఉన్నందుకు. వెనక తలుపు సర్ది, చెరిగిన అంచుకి రంగు వేసి ఇచ్చారు. ఎడమ పక్క రేకుకి మాత్రం మొత్తం మళ్లీ రంగు కొట్టాలని రాసి ఇచ్చాను, కంపెనీ నుంచి ఆమోదం రావాలట. నేనైతే పాలిష్‌కి ఒప్పుకోను.