గీతను పొడిగించాలా, జనాన్ని లెక్కేయాలా?

2020 వేసవిలో కర్నూలులో సాయంత్రం కరోనా కేసుల బులెటిన్ రాగానే గ్రాఫ్ కాగితం మీద ఒక చుక్క పెట్టేవాణ్ణి. చుక్కలు కలిపి, గీతను ముందుకు పొడిగిస్తే రేపటి అంచనా వచ్చేది. అంటువ్యాధి ఎటు పోతుందో చూడటానికి ఇదొక దారి. వారం రోజులకు పడకలెన్ని కావాలో తేల్చుకోవడానికి చాలు. అంతకు మించి నమ్మితే దెబ్బతింటాం. 10 కేసులు నాలుగు రోజులకోసారి రెట్టింపైతే 64వ రోజుకు 6,55,360. 2011 లెక్కల్లో కర్నూలు నగర జనాభా ఐదు లక్షలు కూడా లేదు!

రెండో దారి జనాన్ని మూడు గుంపులు చేస్తుంది: ఇంకా సోకనివాళ్లు, సోకినవాళ్లు, కోలుకునో చనిపోయో లెక్క నుంచి తప్పుకున్నవాళ్లు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్క కట్టి, 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో పోల్చి చూశారు. సోకనివాళ్లు తగ్గేకొద్దీ జబ్బుకు మేత తగ్గుతుంది, గీత దానంతటదే వంగుతుంది. ఒక్కరు ఇద్దరికి అంటించే జబ్బైతే, ఏ అడ్డూ లేకపోతే, సగం మందికి సోకేసరికి ఉధృతి శిఖరానికి చేరుతుంది. కానీ అక్కడితో ఆగదు, దాదాపు 80 శాతం మందిని తాకి గానీ వదలదు. శిఖరం దాటాక మాస్కు తీసేయడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది. గీత చెప్పదు.

దీనికీ లోపముంది. అందరూ అందరితో సమానంగా కలుస్తారనుకుంటుంది. రైతు బజారులో టమాటాలమ్మే అక్క పూటకు వందల మందికి చిల్లర ఇస్తుంది. ఆలూరు వైపు చేను కావలి కాసే తాతకు నలుగురు ఎదురుపడితే ఎక్కువ. అయినా టీకాలు ఎంతమందికి వేయాలో తేల్చాలంటే నా ఓటు రెండోదానికే. టీకా ముందు మాత్రం ఆ అక్కకే వేయాలి.